మూతి చుట్టూ ఎర్రబడితే పళ్ళన్నీ మానేయాలా? మామిడి కాలంలో చూసిన ఒక కేసు

ఏటా మామిడి కాలం వచ్చిందంటే మూతి చుట్టూ కందిపోయిన పసిపిల్లలు నా ఓపీకి వస్తూనే ఉంటారు. చాలామందికి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. కొన్ని ఇళ్ళల్లో మాత్రం ‘పండు పడలేదు’ అని మొదట మామిడి మానేస్తారు, తర్వాత అరటి, ఆ తర్వాత ఇంకోటి. చర్మం బాగుపడ్డాక కూడా మానేసినవి మానేసినట్టే ఉండిపోతాయి. ఈ పాప విషయంలో అదే జరిగింది. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

నేను మొదటిసారి చూసేనాటికి పాపకి ఎనిమిది నెలలు నిండాయి. నెలలు నిండాకే పుట్టింది, పుట్టినప్పటి బరువు 2.8 కిలోలు. ఆరు నెలల దాకా తల్లిపాలే. టీకాలన్నీ వేళకి వేయించారు. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) లాంటివి ముందు లేవు, ఇంట్లో ఎవరికీ ఉబ్బసం లేదు. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి రక్తం తక్కువగా ఉండేదని పాత చీటీల్లో ఉంది. అప్పటికి అది చిన్న సంగతిలా కనిపించింది గానీ తర్వాత పనికొచ్చింది.

ఆరో నెలలో అన్నప్రాశన చేసి పప్పన్నం, ఉగ్గు, చక్కెరకేళి గుజ్జు మొదలుపెట్టారు. అన్నీ ఇష్టంగా తినేది. ఏడో నెలలో తల్లి తిరిగి ఉద్యోగానికి వెళ్ళింది, పగలంతా నాయనమ్మ చూసుకునేది. వీళ్ళకి మామిడి తోట ఉంది. ఏప్రిల్ సగం నుంచి ఇంట్లో ఎక్కడ చూసినా పళ్ళే. పాపకీ రోజూ కాస్త రుచి చూపించారు. పదీ పన్నెండు రోజులు ఏమీ కాలేదు. నెలాఖరులో మూతి చుట్టూ ఎర్రగా లేచింది.

వచ్చిన సమస్య

మే నెల మధ్యలో తల్లి తీసుకొచ్చింది. కూర్చోగానే, “డాక్టరుగారూ, మా పాపకి ఏ పండూ పడట్లేదండి” అంది. వెనకాల పెద్ద కథే ఉంది. దద్దు రాగానే మామిడి మానేశారు. ఎవరో చెబితే ఒక ల్యాబులో ఫుడ్ అలర్జీ ప్యానెల్ చేయించారు. అందులో అరటి, గోధుమ, ఇంకా రెండు మూడు పదార్థాల పక్కన ‘స్వల్పంగా పాజిటివ్’ అని వచ్చింది. దాంతో అవీ పోయాయి. నాయనమ్మ ‘వేడి చేసింది, చలవ చెయ్యాలి’ అని బత్తాయి రసంలో నీళ్ళు, చక్కెర కలిపి పాలసీసాలో పట్టడం మొదలుపెట్టింది. బయటికి వెళ్ళినప్పుడు ప్యాకెట్ ఆపిల్ జ్యూసు. రోజుకి ఒకటిన్నర సీసా దాకా వెళ్తోంది.

పాపని చూశాను. బుగ్గల మీద పాత మచ్చలు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి. కుడివైపు నోటి మూల నుంచి మెడ మడత దాకా సన్నటి చార ఒకటి ఉంది. రసం కారిన దారిలోనే చర్మం పొరలు లేచింది. కుడి అరచేతి వెనక కూడా అదే రకం. విరేచనాలు రోజుకి ఐదారుసార్లు, నీళ్ళలా, పుల్లటి వాసనతో. డైపరు కట్టే చోటంతా ఒరుసుకుపోయింది. ఆరో నెలలో 7.2 కిలోలున్న బరువు ఇప్పుడు 7.3. ఆ వయసులో రెండు నెలలకి అంత తక్కువ పెరగడం మంచిది కాదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8, ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 లెక్క ప్రకారం ఈ వయసులో 10.5 కన్నా తగ్గితే రక్తహీనతే.

అంటే తల్లి ఒక్క సమస్యతో వచ్చింది, పాపకి మూడున్నాయి: చర్మం, విరేచనాలు, ఐరన్ లోపం. మొదటిదానికి భయపడి చేసిన మార్పులు మిగతా రెండింటినీ పెంచుతున్నాయి.

నేను ఎలా ఆలోచించాను

దద్దు ఎప్పుడు వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎలా ఉంది, ఇంకేమైనా తోడయ్యాయా? నా మొదటి ప్రశ్నలు ఇవే. ప్రాణం మీదకి తెచ్చే రకం అలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు బయటపడుతుంది. దద్దుర్లు ఒళ్ళంతా లేస్తాయి, పెదవులో కనురెప్పలో వాస్తాయి, వాంతులు, దగ్గు, ఆయాసం వస్తాయి. ఈ పాపకి వాటిలో ఒక్కటీ లేదు. దద్దు తిన్న రోజు కాక మర్నాడో ఎల్లుండో కనిపించింది. ఒళ్ళంతా రాలేదు, రసం తగిలిన చోటే వచ్చింది. తల్లి ఫోనులో తీసిన ఫోటోల్లో చిన్న చిన్న నీటి పొక్కులు కూడా ఉన్నాయి. ఇవన్నీ చర్మానికి ఏదో తగలడం వల్ల వచ్చే దద్దు వైపే చూపిస్తున్నాయి.

మామిడిలో అలా తగిలేది సొన. జీడిమామిడి, నల్లజీడి కూడా ఇదే కుటుంబం చెట్లు. నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో పల్లెల్లో పెరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మామిడి సొనలోనూ తొక్కలోనూ ఆ జాతి పదార్థాలే ఉంటాయి. లోపలి గుజ్జులో చాలా తక్కువ. ఇలాంటి చర్మ అలర్జీ మొదటి రోజే రాదు. ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి ఎదురుతిరగడానికి పది రోజులో రెండు వారాలో పడుతుంది. ‘మొదట పడింది, తర్వాత పడలేదు’ అని ఇంట్లోవాళ్ళు తికమకపడింది అందుకే.

పాప తండ్రికి కార్బైడ్ మీద అనుమానం. కాల్షియం కార్బైడ్‌తో పళ్ళు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. పది లక్షల్లో 100 పాళ్ళు మించకుండా ఎథిలీన్ వాయువు వాడటానికి మాత్రం అనుమతి ఉంది. బజారు పళ్ళ విషయంలో ఆయన భయం సరైనదే. కానీ వీళ్ళు తిన్నవి సొంత తోటవి, ఇంట్లో గడ్డిలో మాగినవి. అందుకని దాన్ని పక్కన పెట్టాను.

ఇక ల్యాబు రిపోర్టు. రక్తంలో ఒక పదార్థం మీద కాస్త స్పందన కనిపించినంత మాత్రాన ఆ తిండి పడదని అర్థం కాదు. పాప రెండు నెలలపాటు అరటిపండు తిని హాయిగా ఉంది. ఆ చరిత్ర కాగితం మీది అంకె కంటే బలమైనది. ఏ లక్షణమూ లేకుండా తింటున్నదాన్ని రిపోర్టు చూసి ఆపకూడదని తల్లికి నెమ్మదిగా చెప్పాను. ఒప్పుకుంది, కానీ మొహంలో భయం పోలేదు. అందుకే మొదటి అరటిపండు క్లినిక్‌లోనే పెట్టిద్దామన్నాను. వైద్యపరంగా అంత అవసరం లేదు. ఆ ఇంట్లో మళ్ళీ పండు పెట్టే చెయ్యి వణకకూడదని అలా చేశాను.

మొదట చేసినవి

పళ్ళరసం ఆ రోజే ఆపించాను. ఏడాదిలోపు పిల్లలకి పళ్ళరసం వద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో చెప్పింది. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో ఇంకో మెట్టు పైకి వెళ్ళి రెండేళ్ళ దాకా వద్దంది. ఆపిల్ రసంలో సార్బిటాల్, ఫ్రక్టోజ్ అనే చక్కెర జాతి పదార్థాలు ఎక్కువ. పసిపిల్లల పేగు అంతటినీ పీల్చుకోలేదు, మిగిలింది నీళ్ళని లాక్కుని విరేచనంగా పోతుంది. ఇంకోటి కడుపులో చోటు. ఏడు కిలోల పాప కడుపులో ఒక్కసారికి సుమారు 200 మిల్లీలీటర్లే పడుతుంది. చక్కెర నీళ్ళతో అది నిండితే పప్పన్నానికి ఎక్కడ ఖాళీ ఉంటుంది?

చర్మానికి తక్కువ బలం ఉన్న స్టిరాయిడ్ క్రీము కొద్ది రోజులు, తినిపించే ముందు మూతి చుట్టూ పల్చగా పెట్రోలియం జెల్లీ. బరువుని బట్టి లెక్కకట్టి ఐరన్ చుక్కలు. తల్లికి గర్భంలో రక్తం తక్కువ కాబట్టి పాప పుట్టుకతో తెచ్చుకున్న ఐరన్ నిల్వ కూడా తక్కువే అయ్యుండాలి. ఆ నిల్వ మామూలు పిల్లలకే ఆరు నెలల తర్వాత సరిపోదు.

తర్వాత అరటిపండు. ఉదయం పూట, జలుబూ జ్వరమూ లేని రోజు, కొత్త తిండి ఇంకేదీ లేకుండా రమ్మన్నాను. తల్లి పండుని గిన్నెలో చెంచా వెనకవైపుతో మెదిపి చెంచా కొసతో నాకించింది. కాసేపు ఆగి అర చెంచా, తర్వాత ఇంకాస్త. మూడో చెంచాకి పాప చెంచాని వదిలేసి గిన్నెలోనే చెయ్యి పెట్టింది. రెండు గంటలు కూర్చోబెట్టి పంపాను. ఏమీ కాలేదు.

అక్కణ్ణుంచి పథకం ఇది: ఒక్కో కొత్త పండుకి మూడు రోజులు, ఏం పెట్టారో ఎవరు పెట్టారో ఒక నోటుపుస్తకంలో రాయడం, దద్దు వస్తే వెంటనే ఫోటో. ఇన్ని రోజులు ఆగాలన్న నియమానికి గట్టి ఆధారాలేమీ లేవు. అన్నీ పడుతున్న పిల్లలకి నేను అంత నెమ్మదిగా వెళ్ళమని చెప్పను. ఇక్కడ భయం ఎక్కువ, అనుమానాలు ఎక్కువ, తినిపించే చేతులూ ఎక్కువ. ఏది దేనివల్ల అయిందో విడదీయడానికి ఆ వ్యవధి పనికొస్తుందనుకున్నాను.

పని చెయ్యనివి

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. మళ్ళీ దద్దు. నోటుపుస్తకంలో పండు పేరు అరటి ఒక్కటే. ఇంట్లో అందరికీ ల్యాబు రిపోర్టే నిజమనిపించింది.

ఫోటో పంపమన్నాను. ఈసారి దద్దు నుదుటి మీద, చెవి వెనక, గడ్డం కింద ఉంది. పెదవుల చుట్టూ దాదాపు లేదు. అరటిపండు నుదుటికి ఎందుకు తగులుతుంది? పొక్కులు కూడా మొదటిసారి లాంటివే. “ఇంట్లో ఈ రెండు మూడు రోజుల్లో ఏం జరిగిందమ్మా?” అని అడిగాను. “ఏముందండీ, ఇల్లంతా ఆవకాయ పనే” అంది.

మర్నాడు నాయనమ్మని కూడా రమ్మన్నాను. ఆమె రావడంతో కేసు తేలిపోయింది. ఆమె వేళ్ళ సందుల్లో చర్మం నల్లబడి చిట్లి ఉంది. “ప్రతి ఏడూ ఆవకాయ రోజుల్లో ఇంతేనండీ, కొబ్బరినూనె రాస్తే పోతుంది” అంది. కాయలు కడిగి, పాత నూలు పంచె ముక్కలతో తడి లేకుండా తుడిచారు. ఆ మెత్తటి ముక్కల్లో ఒకటి పాప మొహం తుడవడానికి కూడా వాడారు. మామిడి పండు మొదట్లో ఎలా తినిపించారో కూడా అప్పుడే తెలిసింది. ఎవరూ దాచింది కాదు, తల్లి పగలు ఇంట్లో లేదు కాబట్టి ఆమెకి తెలియదు. చిన్నరసం పండుని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, ఆ కన్నం పాప నోటికి ఆనించి చీకించేదట. మన వైపు పిల్లలందరూ అలా తిని పెరిగినవాళ్ళే. సొన ఎక్కువగా ఉండేది మాత్రం సరిగ్గా ఆ ముచ్చిక దగ్గరే.

ఆమెతో ఒకటి చెప్పాను: “అమ్మా, మామిడి వల్లే అని మీరు మొదట అన్నది నిజమే. వేడి వల్ల కాదు, సొన వల్ల.” ఆ మాట ఆమెకి నచ్చింది. అప్పటిదాకా డాక్టరు తన మీద తప్పు మోపుతుందేమోనని బిగుసుకుని కూర్చుంది. ఆ తర్వాత ఇంట్లో నా సలహాలన్నీ అక్షరాలా అమలు చేయించింది ఆమే. పసిపిల్లల తిండి విషయంలో ఇంట్లో రోజూ తినిపించే మనిషిని గదిలో కూర్చోబెట్టకుండా చరిత్ర పూర్తికాదు.

ఇంకోటి కూడా ఫలించలేదు. తియ్యటి సీసా పోయేసరికి పాప చెంచా చూస్తే మొహం తిప్పేసింది. కడుపు నిండాలి కదా అని ఉగ్గులోనూ పప్పన్నంలోనూ అరటి గుజ్జు కలిపి చూశాం. రెండు రోజులు తింది. మూడో రోజు నుంచి పండు కలవని ముద్ద ఏదీ నోట్లో ఉండనివ్వలేదు. ఐరన్ ఇచ్చే తిండి ఇంకా వెనక్కి పోయింది. కొన్న పండు పేస్టు ప్యాకెట్లు వాడే ఇళ్ళల్లోనూ ఇదే చూస్తుంటాను. కూర పేరుతో ఉన్నదాంట్లో కూడా సగం తియ్యటి పండు గుజ్జే ఉంటుంది. పాపకి చేదు, వగరు, ఉప్పదనం లేని పప్పు రుచి వేరువేరుగా తెలిసే వీలే ఉండదు.

పని చేసినవి

ముందు సొన. పాప బట్టలు, మొహం తుడిచే గుడ్డలు విడిగా పెట్టించాం. మామిడి పని చేసినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పాపని ఎత్తుకోవాలి. కత్తిపీట, పీట కూడా కడగాలి. వారంలో చర్మం తేటపడింది. అరటి ఆపలేదు, దద్దు మళ్ళీ రాలేదు.

తర్వాత వరస మార్చాం. ఆకలి మీద ఉన్నప్పుడు మొదట పప్పు, ఆకుకూర, మెదిపిన గుడ్డు, వారానికి ఒకట్రెండుసార్లు మెత్తగా ఉడికించిన కోడి కార్జం. అది కాస్త తిన్నాక చివర్లో పండు. ఇవి దేనికదే, కలపకుండా. మొదటి నాలుగు రోజులు రెండేసి చెంచాలు దాటలేదు. తల్లి కంగారుపడింది. తల్లిపాలు అడిగినప్పుడల్లా ఇవ్వమని, పప్పన్నం బదులు ఇంకేదీ పెట్టొద్దని చెప్పాను. ఆకలి తెలిసిన పాప వారం తిరిగేసరికి గిన్నెలో సగం తినడం మొదలుపెట్టింది.

పండుని భోజనం పక్కనే పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. విటమిన్ సి ఉంటే పప్పులోని, ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. 100 గ్రాముల జామపండులో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకి పైనే. గింజలు వడకట్టిన జామ గుజ్జు, బొప్పాయి, తొక్కా గింజా తీసిన కమలా తొనలోని గుజ్జు వంతులవారీగా పెట్టారు. కమలా పెట్టినరోజు పెదవి కింద కాస్త ఎర్రబడి గంటలో పోయింది. అది పులుపు ఒరుసుకోవడం, అలర్జీ కాదు. జెల్లీ రాసి మళ్ళీ పెట్టమన్నాను.

గొంతుకి అడ్డం పడే ప్రమాదం గురించి మాత్రం కాస్త కఠినంగానే మాట్లాడాను. పచ్చి ఆపిల్ ముక్క, గుండ్రటి ద్రాక్ష, గింజ తీయని సపోటా, సీతాఫలం, నేరేడు ఈ వయసుకి వద్దు. సపోటా గింజకి చివర కొక్కెం లాంటి మొన ఉంటుంది, గొంతులో పట్టుకుంటుంది. ఆపిల్ ఆవిరి మీద వేలితో నొక్కితే నలిగేదాకా ఉడకాలి. ద్రాక్ష ఇంకా పెద్దయ్యాక కూడా నిలువుగా నాలుగు చీలికలు చేసే ఇవ్వాలి. పిల్ల కూర్చుని తినాలి, పాకుతూ కాదు. ముద్ద వెనక్కి తోసుకుంటూ ఉక్కిరిబిక్కిరైనట్టు చేసి, చప్పుడు చేసి, దగ్గితే భయపడక్కర్లేదు, అది నేర్చుకోవడంలో భాగం. చప్పుడు లేకుండా మొహం నీలబడితే అది అడ్డం పడటం. బోర్లా వేసి వీపు మీద అరచేతి మడమతో ఐదు దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యలో ఐదు నొక్కులు ఎలా వెయ్యాలో బొమ్మ మీద నాయనమ్మ చేతే చేయించాను. కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి గెలకొద్దన్నాను. జలుబుకి గుజ్జులో తేనె కలిపే అలవాటు కూడా మాన్పించాను. తేనెలో ఉండే బాట్యులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) బీజాలు ఏడాదిలోపు పిల్లలకి ప్రమాదం.

ఇక మామిడి. వచ్చే ఏడాది చూద్దామని వాయిదా వేయొచ్చు. కానీ తోట ఉన్న ఇల్లు. పాప పాకడం మొదలుపెట్టాక ఎవరి చేతిలోదో లాక్కుని తింటుంది. అది ఎవరూ చూడనప్పుడు జరగడం కంటే చూస్తుండగా జరగడం మేలనిపించింది. కాలం చివర్లో, జూన్ నెలాఖరులో, మాగిన బంగినపల్లి ముచ్చిక వైపు మందంగా కోసి పారేసి, కడిగి, తొక్క లోతుగా చెక్కేసి, వేరే కత్తితో లోపలి గుజ్జు తీయమన్నాను. ముందు ఆ గుజ్జు మోచేతి లోపలి వైపు రోజూ కాస్త రాసి కొద్ది రోజులు చూశాం. చర్మం మామూలుగానే ఉంది. తర్వాత జెల్లీ రాసి చెంచాతో పెట్టారు. వారం గడిచినా దద్దు రాలేదు. ముచ్చిక చీకించడం, టెంక చేతికివ్వడం మాత్రం వద్దన్నాను. జీడిపప్పు కూడా మానేయాలా అని తల్లి అడిగింది. అక్కర్లేదు. సొన ఉండేది పైపెంకులో. పప్పు మాత్రం గుండుగా కాకుండా మెత్తటి పేస్టులా ఇవ్వాలి.

పదో నెలలో పాప 8.2 కిలోలు. విరేచనాలు రసం ఆపిన నాలుగైదు రోజుల్లోనే కట్టుబడ్డాయి. హిమోగ్లోబిన్ మూడో నెల ఐరన్ చుక్కల తర్వాత 11.3.

పాఠాలు

పండు పడలేదని ఎవరైనా వస్తే నేనిప్పుడు పండు పేరుతో ఆగను. ఎలా కోశారు, తొక్క తగిలిందా, ఎవరు తినిపించారు, దేంతో తుడిచారు అని అడుగుతాను. దద్దు ఫోటోలో అది ఏ పండో కన్నా ముందు ఏ దారిలో వచ్చిందో చూస్తాను. ఒక పదార్థం ఆపమని చెప్పిన ప్రతిసారీ దాని స్థానంలో ఏం వస్తోందో, మళ్ళీ ఎప్పుడు పెట్టి చూడాలో అదే చీటీలో రాస్తాను. ఈ పాప బరువు ఆగిపోయింది మామిడి వల్ల కాదు, మామిడి స్థానంలో వచ్చిన సీసా వల్ల.

చివరిగా, ఈ కేసులో ఇంట్లో చేసిన పద్ధతులు కొందరు పిల్లలకి వర్తించవు. పండు తిన్న రెండు గంటల్లోపు ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, గొంతు బొంగురుపోవడం ఉంటే; తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల్లో ఆగకుండా వాంతులై పిల్ల పాలిపోయి వేలాడిపోతే, అది అరటిపండు లాంటి మామూలు పండుతోనైనా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ పండు మళ్ళీ ఇంట్లో పెట్టి చూడకూడదు. చిన్నప్పటి నుంచి తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకీ, ఇప్పటికే ఒక తిండికి అలర్జీ తేలిన పిల్లలకీ కొత్తవి ఏ వరసలో ఎక్కడ పెట్టాలో డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి.